పన్నెండో దొంగ

కిందటి వారం ఆమెను బీరువా ముందు నిలబెట్టి వదిలేశాం. చేతిలో మూడేళ్ళ కిందటి జాబితా. అందులో పన్నెండో వరుసలో ఒక నక్షత్రం నంబరు. గురువారం ఉదయం పదకొండు గంటలకు ఆమె వదిన లోకమంతటికీ చెప్పబోతున్న నక్షత్రం నంబరు కూడా అదే. తొమ్మిది అంకెలనూ ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకుంది. ఒక్క అంకె తేడా వచ్చినా బాగుండునని చూసుకుంది. రాలేదు.

ఇప్పుడు బుధవారం ఉదయం. ఆ జాబితా నాలుగు మడతలై ఆమె చేతిసంచిలో ఉంది.

ఆమె చేసే పని తెలియనివాళ్ళకు ఈ కంగారు అర్థం కాదు. నాలుగున్నరేళ్ళ కిందట పైకి పంపిన ఆ టెలిస్కోపుకు ఒకటే పని. నక్షత్రాల వెలుగును రెప్పవేయకుండా చూడడం. నక్షత్రం ముందు నుంచి చిన్న గ్రహమొకటి దాటిపోతే ఆ వెలుగు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. కొన్ని గంటలు అలాగే ఉండి మళ్ళీ మామూలవుతుంది. అంత చిన్న తగ్గుదలను నిజంగా పట్టుకోగలుగుతున్నారా లేదా అన్నది తేల్చడానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. లేని గ్రహాలను ఉన్నట్టుగా టెలిస్కోపు పంపే అంకెల్లో ఎవరికీ చెప్పకుండా దాచిపెడతారు. వెతికేవాళ్ళు వందలో ఎన్నిటిని పట్టుకుంటే టెలిస్కోపు చూపు అంత బాగున్నట్టు. దాచిపెట్టేది ఆమె. ఎక్కడ దాచిందో పై అధికారికి కూడా తెలియకూడదు. అలా దాచినవాటిని అందరూ దొంగలనేవాళ్ళు, ఆమెను దొంగలక్క అనేవాళ్ళు. మధ్యాహ్నం ఎవరి టిఫిన్ డబ్బా కనిపించకపోయినా ముందు ఆమె మొహం వైపే చూసేవాళ్ళు.

ఎవరైనా కొత్త గ్రహం దొరికిందంటే అది బయటికి వెళ్ళేముందు ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె తన జాబితాలన్నీ చూసుకుని, ‘ఇది నాది కాదు’ అని రాసి సంతకం పెట్టాలి. పది నెలల కిందట వదిన తెచ్చిన కాగితం మీదా అలాగే రాసి పెట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. దొంగల్ని ఎప్పుడూ ఆ అంకెల నకలు మీద పెట్టాలి, అసలు మీద పెట్టకూడదు. నకలు తయారవడానికి తొమ్మిది గంటలు పడుతుంది. మూడేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం ఆమెకు తొమ్మిది గంటలు లేవు. అన్నయ్యను ఆస్పత్రిలో రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మార్చారని ఫోను వచ్చింది. నాలుగో అంతస్తంటే ఏమిటో ఆ ఊళ్ళో అడిగి తెలుసుకోనక్కర్లేదు. అది అసలు పరీక్షకు ముందు చేసే ఉత్త రిహార్సలే కదా అని పన్నెండుమంది దొంగల్నీ అసలు మీదే పెట్టేసి, వచ్చి తీసేద్దాంలే అనుకుని పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి రెండు వారాలైంది, అన్నయ్య లేడు. కూర్చుని దొంగల్ని ఒక్కొక్కటిగా తీసింది. పదకొండు తీసింది. పన్నెండూ తీశానని టిక్కు పెట్టింది.

ఇదంతా మరుపు. మరుపును ఎవరైనా క్షమిస్తారు. ఆమెను తినేస్తున్నది అది కాదు. పది నెలల కిందట సంతకం పెట్టేముందు అన్ని జాబితాలూ తీసి, ఈ ఒక్క జాబితానే ఎందుకు తీయలేదు? అప్పుడు తనకు తాను చెప్పుకున్న జవాబు బాగానే ఉంది: రిహార్సల్‌వి ఎప్పుడో తీసేశాం కదా. కానీ ఆ రోజు చెయ్యి ఆ అర దాకా వెళ్ళి ఆగిన సంగతి చేతికి గుర్తుంది. మనసు ఒక గదిలో దీపం ఆర్పేసి, పక్క గదిలో కూర్చుని, ఆ గదిలో ఏమీ లేదని ప్రమాణం చేయగలదు. అబద్ధం ఆడుతున్నానని దానికి తెలియదు. నిజం చెబుతున్నాననీ తెలియదు.

ఎందుకంటే అప్పటికి వదిన రెండేళ్ళుగా కిటికీ తలుపులు తెరవడం లేదు. తల దువ్వుకోమంటే దువ్వుకునేది, తినమంటే తినేది, వద్దంటే మానేసేది. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే తడి తలతో ఆఫీసుకు వచ్చి, ‘ఏమే, ఇది చూడు’ అని నక్షత్రం వెలుగు మూడుసార్లు తగ్గినట్టు మూడు పల్లాలున్న గీత చూపించింది. ఆ మొహం చూశాక ఏ అర తెరవగలదు?

*

తొమ్మిదిన్నరకు ఆమె చక్రాలాయన గదికి వెళ్ళింది. వదినకు చెప్పేముందు ఒకసారి మనిషి గొంతు వినాలనిపించింది, అంతే.

టెలిస్కోపును తిప్పి, కదలకుండా నిలబెట్టే చక్రాలు ఆయన సంరక్షణలో ఉంటాయి. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నాలుగు చక్రాలతో పంపిన టెలిస్కోపుకు రెండో ఏట ఒకటి ఆగిపోయింది. కనీసం మూడుంటేనే అది ఒకచోట నిలిచి చూడగలదు. ఆ మూడింట్లో ఒకటి ఆరు వారాలుగా గరగరలాడుతోంది. నాలుగున్నరేళ్ళకే ఆఫీసంతా దాన్ని ముసలమ్మ అనడం మొదలుపెట్టింది.

ఆయన తెర మీద రాపిడి గీత చూపించాడు. నిన్నటి కంటే పైకి పోయింది. మనిషి మోకాలైతే ఇంత నూనె రాసి చూస్తాం, దీనికి ఇంత దూరం నుంచి ఓర్చుకో తల్లీ అనడం తప్ప ఏం చేస్తామన్నాడు. ఆమె నవ్వాలి కాబట్టి నవ్వింది. ఆ తర్వాత ఆయన ఆమె రాస్తున్న ఆఖరి నివేదిక సంగతి అడిగాడు. ఆమె చెప్పింది: వందమంది దొంగల్ని పెడితే అరవై ఒక్కరే దొరికారు, చిన్నవాళ్ళను చూసుకుంటే వందకు పంతొమ్మిది. టెలిస్కోపులో లోపమేమీ లేదు. నక్షత్రాలే అనుకున్నదాని కంటే ఎక్కువగా మిణుకుతున్నాయి. ఆ మిణుకును దాటి చిన్న గ్రహాన్ని నమ్మాలంటే ఏడెనిమిదేళ్ళు చూడాలి. చక్రాలు ఏడెనిమిది వారాలు కూడా ఉండేలా లేవు.

“అయితే మనం చూసిందెంత?” అన్నాడు ఆయన.

“మనకు చూపెంత లేదో చూశాం సార్.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. వదినగారు రేపటికి సిద్ధంగా ఉన్నారా అని అడిగాడు, అడుగుతున్నప్పుడు తెర వైపే చూశాడు. ఆ చూపు ఆమెకు కనిపించింది కానీ పట్టించుకోలేదు. తన సంచిలో దొంగ ఉన్నప్పుడు ఎదుటివాడి జేబు ఎవరు చూస్తారు?

*

వదిన రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. బస్సులో నాలుగు స్టాపులు. ఆ నాలుగు స్టాపుల్లో ఆమె చెప్పాల్సిన మాటను మూడు రకాలుగా కూర్చుకుంది. మెల్లగా మొదలుపెట్టేది ఒకటి, ఒక్కసారిగా చెప్పేసేది ఒకటి, తప్పంతా తన మీద వేసుకునేది ఒకటి. మూడోదాన్ని తలచుకున్నప్పుడు కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే అనుమానం వచ్చింది, ఈ కన్నీళ్ళు వదిన కోసమా, తన సంతకం కోసమా? రేపటి తర్వాత తనను ఎవరూ నమ్మరు. నాలుగున్నరేళ్ళ నివేదికలన్నీ మళ్ళీ తిరగేస్తారు. ఆ భయం దుఃఖం చీర కట్టుకుని వచ్చి కూర్చుంటే తను గుర్తుపట్టగలదా?

మూడో అంతస్తు ఎక్కి తలుపు తట్టింది. వదిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉంది. లోపలికి రమ్మనకుండానే, చెప్పులు విప్పేలోపే, కాగితం తెచ్చి రేపటి ప్రకటన చదవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్ళు. సెలవులకు ఇంటికి రమ్మని పిలిచి అన్నయ్యకు పరిచయం చేసింది ఈమే. వదిన అయ్యాక కూడా ఏమే, పోవే అనుకోవడం పోలేదు.

ప్రకటన పొట్టిగా, పొడిగా, బాగుంది. నక్షత్రం మన సూర్యుడి కంటే కాస్త చల్లనిది. గ్రహం మన భూమి కంటే కొంచెం పెద్దది. నూట ముప్పై తొమ్మిది రోజులకు ఒకసారి చుట్టి వస్తుంది. నీరు గడ్డకట్టకుండా, ఆవిరైపోకుండా ఉండే దూరం. చివరి వాక్యం అన్నయ్య గురించి. అక్కడ వదిన గొంతు సవరించుకుంది. ‘ఈ టెలిస్కోపు అద్దాన్ని పదకొండు నెలలు నునుపు పెట్టిన చేతులు ఇప్పుడు లేవు. ఇది ఆ చేతులకు.’

“ఎక్కువైందా?” అంది వదిన. “ఎక్కువైతే చెప్పు, కొట్టేస్తాను. ఏడిపించడానికి రాశానంటారేమో.”

బస్సులో కూర్చుకున్న మూడు మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె సంచి తెరిచి, నాలుగు మడతల కాగితం విప్పి, బల్ల మీద పెట్టి, పన్నెండో వరుస మీద వేలు పెట్టింది.

వదిన చదివింది. ఒకసారి కాదు. పైన ఉన్న తేదీ చూసింది, కింద ఉన్న రాత చూసింది. వంటగదిలో కుళాయి కట్టలేదు కాబోలు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

“ఇది నీ రాతే కదా.”

“నాదే.”

“పది నెలల కిందట ‘నాది కాదు’ అని రాసిందో?”

“అదీ నా రాతే.”

వదిన కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకుంది ఆమె. తిడుతుందనుకుంది. తిడితే బాగుండును, కాస్త బరువు దిగేది. వదిన మాత్రం పెదవుల చివర నవ్వింది.

“హాస్టల్లోనూ అంతే నువ్వు. గదికి తాళం వేశావా అంటే వేశాననేదానివి. వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉండేది.” ఆగి అడిగింది. “ఎన్ని పల్లాలు పెట్టావు?”

“మూడు.”

“మూడే?”

“పద్నాలుగు నెలల అంకెల్లో మూడే పడతాయి కదే. ఆ తర్వాత ముసలమ్మను ఇంకో దిక్కుకు తిప్పేశాం.”

వదిన లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. అట్టల ఫైలు ఒకటి తెచ్చి, అందులోంచి ఒకే ఒక కాగితం తీసి, జాబితా మీద పరిచింది. మీద పరచడంలో ఒక పొగరుంది. పేకాటలో ఆఖరి ముక్క వేసే మనిషి చెయ్యి అలాగే దిగుతుంది.

“మరి దీన్ని ఎవరు పెట్టారే?”

నాలుగో పల్లం. తేదీ పదిహేను రోజుల కిందటిది.

ఎవరికీ చెప్పలేదంది వదిన. లెక్క ప్రకారం గ్రహం ఆ రోజు మళ్ళీ దాటాలి. నెల రోజులు చక్రాలాయన చుట్టూ తిరిగింది. గరగరలాడే చక్రంతో అటు తిప్పడం ప్రమాదమని ఆయన వద్దన్నాడు, తర్వాత చూద్దామన్నాడు, చివరికి తొమ్మిది గంటలు ఇచ్చాడు. అలా విడిగా తిప్పి చూసినప్పుడు అంకెలు నేరుగా ఆయన గదికే వస్తాయి. మూడోరోజు ఆయనే ఈ కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. రేపు సభలో అందరి ముందూ చూపించి నోళ్ళు మూయించాలని దాచుకుంది.

ఆమె ఆ గీతను చూస్తూ కూర్చుంది. తను పెట్టిన దొంగ పాత అంకెల్లో ఉంటుంది. పదిహేను రోజుల కిందట ఆకాశం నుంచి కొత్తగా వచ్చిన వెలుగులోకి అది దూరలేదు. అంటే ఇది ఆకాశం చెప్పిన మాటే. దొంగను పెట్టిన ఇంట్లోనే అసలువాడు కూడా కాపురముంటున్నాడా? అలా జరగదు. జరగకూడదని ఎక్కడా రాసి లేదు. ఆమె గుండె పైకి లేచింది. ఎన్నేళ్ళయిందో ఆ గుండె అలా లేచి. లేవగానే ఒళ్ళంతా నొప్పి పుట్టింది, తిమ్మిరెక్కిన కాలును కదిపినట్టు. నిస్పృహకు మనిషి అలవాటు పడతాడు, అందులో ఒక రకం సుఖం కూడా వెతుక్కుంటాడు. ఆశను తట్టుకోవడమే కష్టం.

“చూశావా మొహం,” అంది వదిన. “వచ్చినప్పుడు పెనం అడుగులా ఉంది. ఇప్పుడు చూడు.”

ఇద్దరూ నవ్వారు. అయిదు నిమిషాలు, నిజంగా అయిదే నిమిషాలు, ఆ గది హాస్టల్ గదైపోయింది. వదిన లేచి వెళ్ళి కుళాయి కట్టి వచ్చింది. సంతకం సంగతి మనం మనం చూసుకుందాం, జాబితా సంగతి రేపటి తర్వాత మెల్లగా చెబుదాం, అసలు గ్రహం ఉంటే దొంగ ఉన్నాడని ఎవడు ఏడుస్తాడంది. ఆమె అవునవునంటూ, అలవాటు కొద్దీ, గీత మొదటి నుంచి చివరిదాకా వేలితో జరుపుతూ వచ్చింది.

పల్లం ఎడమ అంచున వేలు ఆగింది.

అక్కడ చిన్న ముల్లు ఉంది. వెలుగు ఒక్క క్షణం పైకి లేచి పడినట్టు. ఎక్కడినుంచో వచ్చిన రేణువు తగిలితే అలాంటి ముల్లు పడుతుంది. ఏ పక్కన, ఎంత ఎత్తున పడుతుందో చెప్పలేం. ఒకసారి పడ్డట్టు మళ్ళీ పడదు. ఈ ముల్లు ఆమెకు తెలుసు. మూడో పల్లం ఎడమ అంచున, ఇంతే ఎత్తున, ఇదే ముల్లు ఉంది. దాన్ని ఎవరో కాస్త అరగదీశారు. పూర్తిగా తీయడం చేతకాలేదు, లేదా తీయాలని తెలియలేదు.

కాగితం అడుగున టెలిస్కోపు ఎంత స్థిరంగా నిలబడిందో చూపే సన్నని గీత ఒకటి ఉండాలి. దాని చోట తెల్ల కాగితం ఉంది. ఆ గీత ఏదని అడిగింది. సార్ తర్వాత ఇస్తానన్నారు, దాని గొడవ నీకెందుకంది వదిన. ఆమె ఒక్క నిమిషం ఫోను చేసుకుని వస్తానని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

చక్రాలాయన మొదటి రింగుకే తీశాడు. ఆమె ఏదీ చుట్టూ తిప్పలేదు. నాలుగో పల్లం కింద గీత ఎందుకు లేదని మాత్రం అడిగింది. ఆయన మామూలు గొంతుతో, చక్రాల గురించి చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పాడు.

“ఆ రోజు ముసలమ్మ తిరగలేదమ్మాయ్. సగం తిరిగి వణికింది, భయమేసి వెనక్కి తెచ్చేశాను. మీ వదినకు చెబుదామనే అనుకున్నాను. రోజూ వచ్చి నా బల్ల ముందు నిలబడేది. ఏమీ అడిగేది కాదు. అడిగితే చెప్పేసేవాణ్ణే.”

ఆమె రెయిలింగు పట్టుకుంది. కింద వీధిలో ఎవరో మంచం ఒకటి లారీలోకి ఎక్కిస్తున్నారు. అది అడ్డంగా పట్టడం లేదు, నిలువుగా పట్టడం లేదు.

“మూడోదాన్నే తీసి, కొద్దిగా చెరిపి ఇచ్చాను,” అన్నాడాయన. “ఉన్న గ్రహమే కదా, ఉన్నదాన్ని ఇంకోసారి చూపిస్తే పాపమేముందనుకున్నాను. లేనిదైతే ఇచ్చేవాణ్ణి కాదు, నీకు తెలుసు కదా నేను. నీ సంతకం ఉందిగా అమ్మాయ్. అది చూసుకునే ఇచ్చాను.”

ఒక మరుపు, దాని మీద ఒక సంతకం, ఆ సంతకం మీద ఒక జాలి, ఆ జాలి మీద ఇప్పుడు ఒక మనిషి ప్రాణం నిలబడి ఉన్నాయి. ఆయన ఇంకా చెబుతున్నాడు. చక్రం అరగంట కిందట ఆగిపోయిందట. మళ్ళీ తిప్పడానికి రెండుసార్లు చూశారట. ఇక ముసలమ్మ ఎటూ తిరగదు, ఎవరి నక్షత్రం వైపూ చూడదు. ఉందో లేదో తేల్చేవాళ్ళు ఇక ఎవరూ లేరు కాబట్టి భయం లేదన్నట్టుగా, ఓదార్పుగా, ఆ మాట చెప్పాడు.

వెనక తలుపు తెరుచుకుంది. వదిన ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు. అవతలి మాటలు వినిపించి ఉండవు, కానీ ఈ మొహాన్ని వదిన ఇరవై ఏళ్ళుగా చదువుతోంది. ఏమీ అడగకుండా చెయ్యి చాపింది. ఆమె ఫోను వెనక్కి లాక్కోవచ్చు, కట్ చేయవచ్చు. ఏదీ చేయలేదు. వదిన ఫోను తీసుకుని చెవికి పెట్టుకుంది.

ఆయనకు చెవి మారిందని తెలియదు. చెప్పుకుపోతూనే ఉన్నాడు. వదిన కదలకుండా వింది. మొహంలో ఏదీ విరగలేదు. చాలా రోజులుగా ఎదురుచూస్తున్న ఉత్తరం వస్తే, కవరు మీది రాత చూడగానే లోపలి సంగతి తెలిసిపోయినట్టు, తల కొద్దిగా వంచుకుంది. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఆ ముల్లును వదిన ఎప్పుడో చూసింది. చూసి, పక్క గదిలోకి వెళ్ళి దీపం ఆర్పుకుంది.

ఫోనులోంచి ఆయన గొంతు సన్నగా బాల్కనీ దాకా వినిపించింది. “ఆవిడకు మాత్రం చెప్పకమ్మాయ్. మాటివ్వు.”

“చెప్పను సార్,” అంది వదిన, ఈమె గొంతులా తగ్గించి. ఫోను కట్ చేసింది.

లోపలికి నడిచి, బల్ల మీది జాబితాను పాత మడతల వెంబడే మళ్ళీ మడిచి ఈమె చేతిలో పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుంది. ప్రకటన కాగితం తీసుకుని, చివరి వాక్యం దగ్గర కలం ఆనించి, కొట్టేయకుండా కలం మూత పెట్టేసింది.

“రేపు పదకొండింటికి నేను ఇది చదువుతాను. నీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. ఆపాలనుంటే అందరి ముందూ నువ్వే లేచి నిలబడు.”